అనసూయక్క తేనెపెట్టెలు

మొన్న మొయినాబాద్‌లో బస్సు దిగగానే కాలుతున్న గోనెసంచి వాసన వచ్చింది. టీ కొట్టు వెనక ఎవరో దోమలకని పాత గోనె ముక్కలు ఇనుప తట్టలో వేసి అంటించారు. పొగ నేలబారుగా రోడ్డు దాకా పాకింది. పక్కనున్న వాళ్లు ముక్కులకు కొంగులు, రుమాళ్లు అడ్డం పెట్టుకున్నారు. నేను అక్కడే నిలబడిపోయాను. కాలేజీ వైపు వెళ్లే ఆటో నిండి వెళ్లిపోయింది. అనసూయక్క తేనెపెట్టె మూత తీసే ముందు పొగడబ్బాలో గోనె పీలికలే కాల్చేది. కొబ్బరి పీచు పొగ ఘాటుగా ఉంటుందని, అది ఈగలకు కోపం తెప్పిస్తుందని ఆమె నమ్మకం. అది నిజమో కాదో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆమె పోయి ఏడాది కావస్తోంది.

ఆమెను ఎరగని వారికి ముందు ఆమె ఎవరో చెప్పాలి. మొయినాబాద్ మెయిన్ రోడ్డు పక్క సందులో ఆమెకు బ్లౌజులు కుట్టే షాపు ఉండేది. ఉండేది మాత్రం చేవెళ్ల అవతల ముడిమ్యాలలో. భర్త పోయాక చేను కౌలుకిచ్చి, గట్టు మాత్రం తన కింద ఉంచుకుంది. ఆ గట్టు మీద, కానుగ చెట్ల నీడన, తేనెటీగలను పెంచేది. మహిళా సంఘం వాళ్లు ఏర్పాటు చేసిన శిక్షణకు ఊళ్లోంచి చాలామంది వెళ్లారట. ఈగలు కుట్టాక కూడా మళ్లీ వెళ్లింది తానొక్కతేనని చెప్పేది. ఇలాంటివి చెప్పుకోవడానికి ఆమెకు మొహమాటం లేదు. చేవెళ్ల నుంచి మెహిదీపట్నం దాకా చంక దగ్గర ముడత పడకుండా బ్లౌజు కుట్టేది తానొక్కతేనని కొలతలిచ్చే ప్రతి మనిషికీ చెప్పేది. నేను వేరే చోట కుట్టించి చూశాను. ఆమె చెప్పింది చాలావరకు నిజమే.

మాది తెనాలి వైపు. తొంభైలలో మా వారికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రావడంతో హైదరాబాదు వచ్చాం. నాకు మొయినాబాద్‌లోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెప్పే పని దొరికింది. కొన్నాళ్లకు హిమాయత్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్నాం. సిటీ నడిబొడ్డున ఉన్న హిమాయత్‌నగర్ కాదు, మొయినాబాద్ మండలంలో చేవెళ్ల రోడ్డుకు పక్కగా ఉన్న ఊరు. ఇన్నేళ్లున్నా నాకు తెలిసిన వాళ్లంతా కాలేజీ వాళ్లే. ఇంటికి వస్తే పుస్తకాలు. అనసూయక్క పరిచయం కాకపోతే నా మిగతా జీవితం కూడా అలాగే గడిచేది. దాని గురించి ఫిర్యాదు కూడా ఉండేది కాదు.

ఆమెను మొదటిసారి చూసింది మా స్టాఫ్ రూమ్ కిటికీ దగ్గర. ఒకరోజు మధ్యాహ్నం తేనెటీగల గుంపు ఒకటి వచ్చి కిటికీ చట్రానికి గుత్తిగా వేలాడింది. ఆడపిల్లలు కారిడార్‌లోకి పరిగెత్తారు. అటెండరు కర్రకు గుడ్డ చుట్టి కిరసనాయిలు సీసా తెచ్చాడు. ఆఫీసులో ఎవరికో అనసూయక్క సంగతి తెలిసి ఫోను చేసినట్టున్నారు. గుడ్డ తడిపేలోపు ఆమె స్కూటీ మీద వచ్చింది. పొట్టి మనిషి. మెడలో కొలత టేపు అలాగే ఉంది. చేతిలో అట్టపెట్టె, ఒక పాత చున్నీ.

"ఆగుండ్రి జర. ఎవరు తెమ్మన్నరు గా కిరసనాయిలు?"

"ప్రిన్సిపాల్ సార్ తెమ్మన్నడు," అన్నాడు అటెండరు.

"అయితే సార్‌నే పిలువు, ముందల నిలవడుతడు. ఇవి ఇల్లు వెతుక్కుంటున్న ఈగలు. వీటికి కుట్టే తీరిక లేదు. సార్ కుడుతడో లేదో మాత్రం నాకు ఎరుక లేదు."

కారిడార్‌లో నవ్వులు వినిపించాయి. ఆమె మా అందరి వైపూ చూసి నన్ను పిలిచింది. "మేడం, ఇందర్ల సప్పుడు చేయకుండ నిలవడ్డది మీరొక్కలే. గీ డబ్బ పట్టుకుంటరా?" పట్టుకున్నాను. ఆమె చున్నీతో ఈగల గుత్తిని ఒక్క దులుపు దులిపి పెట్టెలో పడేసింది. సగం లోపల పడ్డాయి, సగం గాల్లోకి లేచాయి. నా చేతుల మీద కూడా కొన్ని వాలాయి. ఆమె నా ముఖం చూడకుండానే అడిగింది. "ఏం కనబడుతున్నది, చెప్పుండ్రి."

"భయపడుతున్నట్టున్నాయండీ."

"భయం మీది మేడం. ఈగలు ఏం చేస్తున్నయి?"

అప్పుడు చూశాను. పెట్టె అంచు మీద కొన్ని ఈగలు వరుసగా నిలబడి, వెనక భాగం పైకెత్తి, రెక్కలు ఆపకుండా ఆడిస్తున్నాయి. అదే చెప్పాను. "గంతే. రాణి లోపట పడ్డది. ఇగ మిగిలినయి వాసన పట్టుకొని అవే వస్తయి," అని ఆమె నేల మీద కూర్చుని టేపు సర్దుకుంది. ఆమె అన్నట్టే కాసేపటికి కిటికీ చట్రం ఖాళీ అయ్యింది. లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి నేను చాలా జాగ్రత్తగా ఆలోచిస్తానని నాకు నమ్మకం ఉండేది. జాగ్రత్తగా ఆలోచించడం వేరు, ఆలోచించే ముందు చూడటం వేరు అన్నది ఆ మధ్యాహ్నమే తెలిసింది. వెళ్తూ, వచ్చే ఆదివారం ముడిమ్యాల వచ్చి ఈగల కొత్త ఇల్లు చూసి పొమ్మంది. మాటవరసకు అని ఉంటుంది. నేను వెళ్లాను.

చేవెళ్లలో బస్సు దిగి, షేర్ ఆటోలో ముడిమ్యాల చేరి, క్యారెట్ మళ్ల మధ్య నుంచి నడిస్తే ఆమె గట్టు. నీలం రంగు వేసిన చిన్న చెక్కపెట్టెలు ఇటుకల మీద ఎత్తుగా ఉండేవి. చీమలు ఎక్కకుండా ప్రతి పెట్టె కింద నీళ్ల ముంతలు. పెట్టె ఎదురుగా నిలబడకూడదు, అది ఈగల దారి. పక్కన నిలబడాలి. పొగ రెండుసార్లు ఊది, మూత తీసి, ఒక నిమిషం ఊరుకోవాలి. లోపల చెక్క చట్రాలు పుస్తకాల్లా పక్కపక్కన నిలబడి ఉంటాయి. ఒక్కొక్క చట్రానికీ ఈగలు కట్టుకున్న మైనం పట్టు. చట్రాన్ని పైకి లేపాక వీపు ఎండకు పెట్టి, వెలుతురు భుజం మీదుగా వచ్చి మైనం గదుల అడుగున పడేలా పట్టుకోవాలి. అప్పుడు గాని గుడ్లు కనబడవు. గుడ్డు అంటే బియ్యపు నూకలో సగం కూడా ఉండదు. తెల్ల దారం చిన్న ముక్క తెంపి గది అడుగున నిలబెట్టినట్టు ఉంటుంది. ఆ రోజు పెట్టిన గుడ్డు నిలబడి ఉంటుంది, మర్నాటికి ఒరుగుతుంది, ఆ మర్నాడు పడుకుంటుంది. నిలబడ్డ గుడ్డు కనబడితే రాణిని వెతికే పని లేదు. ఉన్నట్టే లెక్క.

ఇవేవీ ఆమె ముందుగా చెప్పలేదు. చట్రం నా చేతికిచ్చి ఏముందో చెప్పమనేది. నేను చెప్పేదాన్ని. నేను చెప్పిన దాన్ని బట్టి అప్పుడు దాని అర్థం చెప్పేది. నేను "అనుకుంటానండీ" అంటే చాలు, ఆపేసేది. "మీ దిక్కు మనుషులకు అండీ అనకపోతె మాట గొంతు దిగదా? సరే, అండీ ఉంచుకో. అనుకుంట అనేది మాత్రం గట్టు అవతల వదిలిపెట్టి రా."

ఒక ఆదివారం ఒక పెట్టెలో ఒక్కో గదిలో మూడేసి, నాలుగేసి గుడ్లు కనబడ్డాయి. సంతోషంగా చెప్పాను. "అక్కా, ఇందులో రాణి బ్రహ్మాండంగా పెడుతోంది." ఆమె చట్రం వైపు చూడలేదు, నా వైపు చూసింది. "బ్రహ్మాండం నేను అడిగిన్నా? గుడ్లు యాడున్నయి? అడుగున్నయా, గోడలకున్నయా?" మళ్లీ చూశాను. చాలావరకు గదుల గోడలకు అంటుకుని, ఎలా పడితే అలా ఉన్నాయి. "అట్లయితే రాణి సచ్చి చానా రోజులాయె," అంది. రాణి లేకపోతే కూలీ ఈగలే గుడ్లు పెడతాయట. వాటి తోక పొట్టిది, గది అడుగుకు అందదు. వాటి నుంచి పనికిరాని మగ ఈగలు తప్ప ఏమీ పుట్టవు. నేను పంట అనుకున్నది ఆ పెట్టెకు ఆఖరి దశ. ఆమె ఆ రోజే ఒక దినపత్రిక కాగితానికి సూదితో చిల్లులు పొడిచి, బలమైన పెట్టె మీద పరిచి, దాని మీద ఈ పెట్టెను ఎక్కించింది. ఈగలు ఆ కాగితం కొరుక్కుంటూ వచ్చేసరికి రెండు గుంపుల వాసనా ఒకటవుతుంది, అప్పుడు కొట్టుకోవు. బ్లౌజుకు లైనింగు వేసినంత శ్రద్ధగా ఆ కాగితం అంచులు సరిచేసింది.

ఏడాది తిరిగేసరికి కొన్ని సంగతులు గమనించాను. ఆమె స్కూటీ మానేసింది. పెట్రోలు వాసన ఈగలకు పడదని చెప్పింది. అంతకు ముందు పడిన వాసన అప్పుడెందుకు పడలేదో చెప్పలేదు. షాపులో కుట్టు కోడలికి అప్పగించి, తాను కొలతలు మాత్రం తీసుకునేది, వాటిని వేళ్లతో జానలు వేసి చూసుకునేది. గట్టు మీద చట్రం లేపగానే చేతిలో బరువు చూసి ఇది తేనె, ఇది పిల్లలు అని చెప్పేసేది. గదుల మూతల మీద వేలికొసతో రాసి, నున్నగా ఉంటే తేనె అని, పొడిగా గుడ్డలా ఉంటే పిల్లలు అని చెప్పేది. పెట్టెకు చెవి ఆనించి లోపలి మోత వినేది. గుడ్ల దగ్గరికి వచ్చేసరికి చట్రం నా చేతికి వచ్చేది.

ఒక ఆదివారం షాపు పని ఉండి ఆమె కూడా నాతో మొయినాబాద్ బయలుదేరింది. చేవెళ్లలో బస్సు కోసం నిలబడినప్పుడు అడిగాను. "అక్కా, మీకు గుడ్లు కనబడటం లేదు కదా?"

"గుడ్లేంది చెల్లె, నీ మొఖమే మబ్బు పట్టినట్టున్నది," అంది. అంతకు ముందెప్పుడూ నన్ను చెల్లె అనలేదు. షుగరు కంటికి దిగిందట. సిటీలో పెద్ద కంటి దవాఖానలో చూపించుకుంది. ఉన్న చూపు పోకుండా చూస్తామన్నారు, పోయింది మాత్రం రాదన్నారు. ఎవరితో వెళ్లారని అడిగితే ఒక్కదాన్నే పోయిన అంది. "శ్రీకాంత్‌కు చెప్పకు. చెప్పినవంటె రేపే పెట్టెలు లేపుతడు." శ్రీకాంత్ ఆమె కొడుకు. చేవెళ్లలో మొబైల్ షాపు నడుపుతాడు. ఒక్కడే కొడుకు.

నాకు ఒక అనుమానం మిగిలింది. బస్సెక్కాక అడిగాను. "అయితే మొదటి నుంచీ నన్ను పిలిచింది నా కళ్ల కోసమేనా?"

"కాలేజీల డబ్బ పట్టిచ్చినప్పుడు నాకు మంచిగనే కనబడుతుండె. అప్పుడు గూడ గట్లనే అడిగిన గద. ఎవరినైన గట్లనే అడుగుత. మనిషికి కనబడ్డది జరంతనే ఉంటది, అనుకున్నది బస్త నిండ ఉంటది." నవ్వింది. "అయినా నీ కండ్లు ఊకెనే వాడుకుంటున్ననా? తేనె సీసలు ఎన్ని మోస్కపోయినవ్ చెల్లె?"

ఆ మరుసటి ఎండాకాలం గట్టు మీద నీళ్ల ముంత తన్నుకుని ఆమె పడింది. పెద్ద దెబ్బ కాదు, మోకాలు చెక్కుకుపోయింది. శ్రీకాంత్‌కు అది చాలు. మా హిమాయత్‌నగర్ దగ్గర ఒక ఫామ్‌హౌస్ ఉంది. శని, ఆదివారాల్లో వచ్చే అతిథులకు చూపించడానికి తేనెపెట్టెలు కావాలని దాని మేనేజరు చాలాకాలంగా అడుగుతున్నాడు. ఒక ఆదివారం శ్రీకాంత్ ఆయన్ని వెంటబెట్టుకుని గట్టు మీదికి వచ్చాడు. అతను చెడ్డవాడు కాదు. అంతకు ముందు రాత్రి తల్లి మోకాలికి మందు రాసింది అతనే.

"షుగర్ మనిషివి. పడితె, కుడితె, ఎవరు చూస్తరు ఈడ? పెట్టెలు సార్‌కు ఇచ్చేద్దాం అమ్మా. నీకు ఫికర్ ఉండదు, నాకు ఫికర్ ఉండదు."

"నా చేతుల సచ్చిన పెట్టె ఒక్కటి చూపెట్టు, అన్ని లేపుకపో," అంది అనసూయక్క. "లేకుంటె ఈ ముచ్చట మళ్ల తియ్యొద్దు. సార్ ముందల చెప్తున్న."

మేనేజరు గట్టు చివరన ఉన్న పెట్టె చూపించి, దాన్ని తెరవమన్నాడు. అది ఆమె పెట్టెలన్నింటిలో పాతది. మిగతావన్నీ దాని నుంచి విడదీసినవే. ఆమె నెమ్మదిగా పొగ ఊది, మూత తీసింది. ముసుగు వేసుకోలేదు. తెలియని వాళ్లెవరూ ఆమెకు చూపు తక్కువని అనుకోరు. చట్రాలు ఒక్కొక్కటే లేపుతూ, తేనె, పుప్పొడి, పిల్లలు అని పేరు పెట్టి చెబుతోంది. "ఇగో, నడిమిట్ల గీ చట్రంల గుడ్లుంటయి," అని ఒకటి నాకు అందించింది. "మా మేడం చెప్తది సూడుండ్రి."

ఎండకు వీపు పెట్టి చూశాను. గుడ్లు లేవు. చట్రం తిప్పి చూశాను. అటువైపూ లేవు. మేనేజరు ఈగలకు భయపడి దూరంగా ఉన్నాడు. శ్రీకాంత్‌కు గుడ్డు ఎలా ఉంటుందో తెలియదు. ఉన్నాయి అని ఒక్క మాట అంటే పెట్టెలు అక్కడే ఉండిపోతాయి. ఆమె నా ఎదురుగా చేతులు చాచి, చట్రం కోసం ఎదురుచూస్తోంది. అబద్ధం చెబితే ఆ రోజుకు గెలుస్తాం. కానీ ఆ పెట్టెలో ఏం జరుగుతోందో ఆమెకు ఎప్పటికీ తెలియదు. నా కళ్లు తప్ప ఆమెకు అక్కడ వేరే దారి లేదు.

"గుడ్లు లేవక్కా," అన్నాను.

"అంటే సచ్చిందా?" అన్నాడు శ్రీకాంత్.

ఆమె అతని మాట వినిపించుకోలేదు. "ఆగకు చెల్లె. ఇంకేమున్నది?"

"గుడ్లలోంచి వచ్చే పురుగులు కూడా లేవు. మూతపడ్డ పిల్లల గదులు మాత్రం అక్కడక్కడ ఉన్నాయి. కింద అంచున ఒకటి వేలాడుతోంది. పల్లికాయంత ఉంది."

"దాని కొస ఎట్లున్నది?"

"తెరుచుకుని ఉంది. చుట్టూ గుండ్రంగా కోసినట్టుంది. మూత ఊడిపోలేదు, ఒక పక్క అతుక్కుని వేలాడుతోంది."

"పక్కకు చిల్లు పడ్డదా? మంచిగ సూడు."

"లేదు. పక్కలు బాగానే ఉన్నాయి."

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. తర్వాత నవ్వింది. "శ్రీకాంత్, నీ పెండ్లాం ఇంట్ల అడుగు పెట్టంగనే పిల్లలేరీ అని అడిగిన్నా నేను?" పాత రాణి ముసలిదైతే ఈగలే కొత్త రాణిని పెంచుకుంటాయి. వేలాడుతున్నది ఆ కొత్త రాణి పెరిగిన గది. కొస గుండ్రంగా కోసుకుని తెరుచుకుంటే రాణి బతికి బయటికి వచ్చినట్టు. పక్కకు చిల్లు పడితే లోపలే చంపేసినట్టు. ఇది బయటికి వచ్చింది. ఇంకా ఎగిరి మగ ఈగలతో కలవలేదు కాబట్టి గుడ్లు లేవు. రెండు వారాల దాకా ఎవరూ ఆ పెట్టె ముట్టకూడదంది. మేనేజరు, ఎందుకు ఆగడం, బయట నుంచి మంచి రాణిని తెప్పిస్తానన్నాడు. "ఉన్నదాని మీద ఇంకోదాన్ని తెస్తె ఒకటి సస్తది సార్. ఒక్కోపారి రెండూ సస్తయి. మీరు ఆగుండ్రి," అంది.

శ్రీకాంత్ మాత్రం రాణి గురించి ఆలోచించడం లేదు. తల్లి కళ్లలోకే చూస్తున్నాడు. "అమ్మా, నీకు కనబడ్తలేదు కదా."

"కనబడ్తలేదు."

"ఎప్పటిసంది?"

"స్కూటీ బంద్ జేసినప్పటిసంది."

అతను గట్టు మీద కూర్చుండిపోయాడు. "నాకు చెప్పలే. మేడంకు చెప్పినవ్, నాకు చెప్పలే."

"మేడంకు గూడ నేను చెప్పలే. ఆమె సూసి చెప్పింది. నువ్వు సూస్తె నీకు గూడ తెలుస్తుండె," అంది. ఆ మాట అతనికి ఎంత తగిలిందో ఆమెకు కనబడలేదు, నాకు కనబడింది. ఆమె గొంతు తగ్గించింది. "సరే బిడ్డ. రెండు వారాలు ఆగు. గుడ్లు పడితె పెట్టెలు ఉంటయి. పడకపోతె నువ్వే లేపుకపో, నేను ఒక్క మాట అన."

ఆ రెండు వారాలూ నేను ఆకాశం చూస్తూ గడిపాను. కొత్త రాణి ఎగిరేది మబ్బు లేని మధ్యాహ్నాల్లోనే. ఈదురుగాలి వస్తే దారి తప్పవచ్చు, ఈగలను పట్టి తినే పచ్చపిట్టలు మా కరెంటు తీగల నిండా ఉండేవి. ఒకరోజు క్లాసు మధ్యలో వాన మొదలైతే బోర్డు మీద రాస్తున్నది ఆపి కిటికీ మూయడానికి వెళ్లి, అక్కడే నిలబడ్డాను. అనసూయక్క షాపులో కూర్చుని కొలతలు తీసుకుంటూ ఉంది. ఆమెకు దిగులు లేదని అనను. అడిగితే, "పని జరుగుతున్నప్పుడు మూత తియ్యొద్దు," అని మాత్రం అనేది.

ఆ ఆదివారం పొగడబ్బా శ్రీకాంత్ అంటించాడు. గాలి కొట్టడం చేతగాక పొగంతా తానే మింగి దగ్గాడు. "ఈగలకు కొట్టుమంటె నువ్వు తాగుతున్నవేందిరా," అంది తల్లి. మూత తీసి, నడిమి చట్రం తీసి నాకిచ్చింది. చూశాను. చట్రాన్ని పొట్టకు ఆనించుకుని మళ్లీ చూశాను.

"నిలబడి ఉన్నాయక్కా."

"ఒక్కో గదికి ఎన్ని?"

"ఒకటే. అడుగునే, సరిగ్గా మధ్యలో ఉన్నాయి. కొన్ని ఒరిగి ఉన్నాయి. పడుకున్నవీ ఉన్నాయి."

శ్రీకాంత్ వంగి చూసి తనకేమీ కనబడటం లేదన్నాడు. ఆమె అతని భుజాలు పట్టుకుని ఎండకు వీపు తిప్పింది. చూపు లేని మనిషి చూపున్న మనిషిని సరైన చోట నిలబెట్టింది. అతను చాలాసేపు చూశాడు. "గింత సన్నగనా?" అన్నాడు. "నువ్వు గూడ గంతనే ఉంటివి," అందామె. ఫామ్‌హౌస్ మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. తర్వాతి ఏళ్లలో ముంతల్లో నీళ్లు పోసేది, పెట్టెలు మోసేది శ్రీకాంతే. ఆదివారాలు నేను చట్రాలు చూసి చెప్పేదాన్ని, ఆమె విని ఏం చేయాలో చెప్పేది. మా ముగ్గురికీ అది బాగా కుదిరింది.

కిందటేడు వానాకాలంలో ఆమె కిడ్నీలు దెబ్బతిన్నాయి. సిటీలో దవాఖానలో చేర్చారు. నేను రెండోసారి వెళ్లేసరికి మంచం చుట్టూ బంధువులున్నారు. వచ్చిన ప్రతి మనిషీ మంచిగయినవ్, మొఖం తేట పడ్డది, వారంల ఇంటికొస్తవ్ అంటున్నారు. ఆమె అందరికీ తల ఊపుతోంది. కాసేపయ్యాక అందరినీ చాయ్ తాగి రమ్మని పంపించింది. చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకుంది.

"చెల్లె, నా మొఖం ఎట్లున్నది?"

కిటికీ పరదా పక్కకు జరిపి, వెలుతురు పడనిచ్చి చూశాను. "ఉబ్బి ఉంది. కళ్ల కింద ఎక్కువ. పెదాలు పాలిపోయాయి. చేతి మీద సూది గుచ్చిన చోట నల్లబడింది. జడ మాత్రం ఎవరో బిగుతుగా, చక్కగా వేశారు."

"కోడలేసింది. పోయినసారి నువ్వొచ్చినప్పటికంటె ఉబ్బిందా?"

"ఉబ్బిందక్కా."

ఆమె నా చెయ్యి వదల్లేదు. ముఖంలో బాధ కోసం వెతికాను, కనబడలేదు. "గంతే," అంది. "ఇగ ఫికర్ లేదు. అందరు మంచిగున్నవ్ మంచిగున్నవ్ అంటుంటె నేను యాడున్ననో నాకే ఎరుక లేకపాయె." ఆ సాయంత్రమే శ్రీకాంత్‌ను కూర్చోబెట్టుకుని ఏ పెట్టెను ఎప్పుడు విడదీయాలో, వానల్లో దేనికి చక్కెర నీళ్లు పెట్టాలో, షాపు కిరాయి ఎవరితో మాట్లాడాలో అన్నీ చెప్పింది. మధ్యలో రెండుసార్లు అతను కళ్లు తుడుచుకున్నాడు. ఆమె ఆపకుండా చెప్పింది. అన్నీ చెప్పగలిగే సమయం ఆమెకు దొరికింది. తర్వాత వారానికి పోయింది.

ఆమెను తలుచుకుంటే ఇప్పటికీ దుఃఖం వస్తుంది. ఆ దుఃఖంలో వెలితి మాత్రం లేదు. ఆమెతో చెప్పవలసింది నేను చెప్పకుండా దాచుకున్నది ఏదీ లేదు. ఓదార్పు కోసం ఉన్నదాన్ని కాస్త మార్చి చెప్పే అలవాటు నాకు పోయింది. దానివల్ల ఒకరిద్దరు స్నేహితులు నొచ్చుకుని దూరమయ్యారు, వాళ్లను తప్పుపట్టను. అయితే కష్టం వచ్చినప్పుడు కొందరు నాకే ఫోను చేస్తున్నారు. పొలంలో తెగులు కావచ్చు, మంచం పట్టిన తండ్రి కావచ్చు, ఫెయిలయి తలుపు వేసుకున్న పిల్లవాడు కావచ్చు. సలహా అడగరు. ఒకసారి వచ్చి చూస్తారా మేడం, అంటారు. నేను వెళ్తాను.